గడ్డి కూడా గెలిచిన పరీక్ష

మొన్న మా కోడలు వంటింట్లో చైనాగ్రాస్ ఉడకబెట్టింది. పాలతో ఏదో తీపి చేస్తుందట. నేను వసారాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆ వాసన వచ్చింది. ఎండిన నాచు వేణ్ణీళ్లలో పడితే వచ్చే వాసన, తీపీ కాదు, కంపూ కాదు. చదువుతున్న వార్త అక్కడే ఆగిపోయింది. ఇంట్లో అందరికీ అది తీపి వంటకం. నాకు మాత్రం బళ్లారిలో ఒక కాలేజీ మేడమీది గది. అక్కడ శరణమ్మ మేడమ్ ఇదే పదార్థాన్ని సీసాలో కరిగించి, మూతలున్న గుండ్రటి గాజుపళ్లేల్లో పోసి, అది పేరుకున్నాక దానిమీద మన నోట్లో పళ్లను పుచ్చబెట్టే సూక్ష్మజీవుల్ని పెంచేవారు. పోయిన వానాకాలంలో ఆవిడ తన పుట్టిన ఊరు బండ్రిలో కన్నుమూశారు. ఆవిడ నాకంటే చాలా చిన్నది. అయినా నాకు గురువెవరని అడిగితే ఆ పేరే చెబుతాను. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. తుంగభద్ర కాలువకు నీళ్లొచ్చాయని తెలిసి మా నాన్న గోదావరి వైపు నుంచి బండి కట్టుకుని బళ్లారి దగ్గరి ఎమ్మిగనూరు పక్కకు వచ్చాడు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న పల్లెల్ని ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. వరి నాటుతూ, గట్టుమీద కూర్చుని చేతికి దొరికిన ప్రతి కాగితమూ చదివాను. ఎరువుల బస్తామీది అక్షరాల నుంచి వైద్యగ్రంథాల దాకా, తెలుగులో, కన్నడంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో కూడా. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసింది ఎవరైనా కాదంటే ఒళ్లు మండిపోతుంది. నాకది పుష్కలంగా ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా అమ్మ నేర్పిన పళ్లపొడి ఒకటి ఉంది. ఉత్తరేణి వేరు, నల్లతుమ్మ చెక్క, కాస్త ఉప్పు. అంతే. డెబ్భై దాటిన ఈ వయసులో నేను చెరుకుగడను కత్తి లేకుండా పళ్లతో చీల్చి తింటాను. నా మటుకు నాకు అంతకు మించిన రుజువు అక్కర్లేదనిపించేది. బడిపిల్లల జేబుల్లో ఎప్పుడు చూసినా చాక్లెట్లు, నోళ్లలో నల్లటి గుంటలు. చూడలేక పొడి కొట్టించి డబ్బాలతో మా క్యాంపు బడికి ఇచ్చేవాణ్ణి. పిల్లలు కుళాయి దగ్గర వరసగా నిలబడి పొడి అంటిన నోళ్లతో నవ్వుతూ తోముకునేవాళ్లు.

ఒకసారి పళ్ల డాక్టరు బడికి వచ్చి పిల్లల నోళ్లు చూశాడు. పుచ్చులు చాలానే కనిపించాయి. నా డబ్బా మూత తీసి వాసన చూసి, ఈ చెక్కపొట్టు రుద్దించేది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. పుచ్చు తెచ్చే క్రిమి మీద ఇది పనిచేస్తుందని ఎవరు చూశారని అడిగాడు. నేను చూశాను, నా నోట్లో, అని పెదవులెత్తి చూపించాను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు కారం పూసినట్టయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ న్యాయమైన ప్రశ్నను నవ్వుతూ అడిగితే ఎవడికి ఎక్కుతుంది? బడి వార్షికోత్సవానికి ఆ డాక్టరే అతిథి. ఆ రోజుకల్లా పరీక్ష చేయించి చూపిస్తే పొడి కొనసాగిద్దామని, లేదంటే మానేద్దామని హెడ్మాస్టరు మధ్యస్థం చేశాడు. చూపించలేకపోతే ఈ బడి గడప మళ్లీ తొక్కనని నేను అందరి ముందూ అనేశాను. క్యాంపులో మాటంటే మాటే. వెనక్కి తీసుకునే ఆచారం లేదు.

బళ్లారిలో నేను ఎక్కని మెట్టు లేదు. ఒకచోట కాపలావాడే లోపలికి పోనివ్వలేదు. ఒకచోట అనుమతి తెమ్మన్నారు. ఎవరి అనుమతో వాళ్లకే తెలియదు. ఇంకోచోట ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టే మాట్లాడి, ఇలాంటివి పుస్తకాల్లో ఎప్పుడో రాసేశారు పొమ్మన్నాడు. రాసేసింది నిజమైతే మా పిల్లలకు ఎందుకు చెప్పలేదని నేను గొంతు పెంచాను. ఆ కేకలకు పక్కగదిలోంచి ఒక ఆవిడ బయటికొచ్చింది. చేతిలో పేపరు పొట్లం, అందులో బొరుగులతో చేసే ఉగ్గాణి, మీద మిరపకాయ బజ్జీ.

"ఏందప్పా, కాలేజీ అంతా నీ గొంతే వినొస్తాంది. లోపలికి రా."

నా కూతురి వయసు మనిషి నన్ను నువ్వు అనడం నాకు చివుక్కుమంది. అయినా వెళ్లాను. నా కథంతా చెప్పాను. ఆవిడ ఉగ్గాణి తింటూ, బజ్జీ తుంచి నాకు సగం ఇచ్చి, మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నది. చివర్లో చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాట అడిగింది.

"నీ పొడి గొప్పదని చూపించేకి వచ్చినావా, గొప్పదా కాదా చూసేకి వచ్చినావా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదప్పా. రెండూ వేరే వేరే పనులు. సోమవారం రా. వేరు పొడి వేరే, చెక్క పొడి వేరే తీసుకురా. కలిపింది నాకొద్దు."

ఇంటికొచ్చి ఆ నువ్వు సంగతి మా ఆవిడ కాంతంతో అన్నాను. "ఈ వైపు వాళ్లు అప్పా అన్నారంటే మనిషిని దగ్గరికి తీసుకున్నట్టేనండీ. ఇన్నేళ్లున్నారు, ఆ మాత్రం తెలీదా?" అని ఆవిడ విస్తరాకులు కుట్టుకుంటూ కూర్చుంది.

సోమవారం శరణమ్మ మేడమ్ నాకు ఆ పరీక్ష మొత్తం పక్కన నిలబెట్టి చూపించారు. పొడుల్ని నీళ్లలో నానబెట్టి వడగట్టారు. పుచ్చిన పంటి నుంచి తీసి ముందే పెంచి ఉంచిన క్రిమిని దూదిపుల్లతో గాజుపళ్లెం నిండా పూశారు, మన ఆడవాళ్లు వాకిలి అలికినట్టు. ఆ పేరుకున్న పదార్థంలో నాలుగు చిన్న గుంటలు పొడిచారు. ఒకదాంట్లో ఉత్తరేణి రసం, ఒకదాంట్లో తుమ్మ రసం, ఒకదాంట్లో అంగట్లో అమ్మే నోరు పుక్కిలించే మందు, ఇంకొకదాంట్లో వట్టి నీళ్లు. వట్టి నీళ్లెందుకమ్మా, దండగ కదా అన్నాను. నీళ్లు ఏమీ చెయ్యకూడదు, చేశాయంటే మనమే ఎక్కడో తప్పు చేసినట్టు, అన్నారు. తర్వాత పళ్లేల్ని పెద్ద గాజు జాడీలో పెట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించి మూత బిగించారు. వెలుగు కాసేపు ఊగి దానంతటదే ఆరిపోయింది. ఆ క్రిమికి గాలి ఎక్కువ గిట్టదట. పళ్ల సందుల్లో గాలెక్కడిది?

మర్నాడు మూత తీశారు. పళ్లెమంతా మసకగా క్రిమి పెరిగి ఉంది. గుంటల చుట్టూ మాత్రం అది పెరగలేక చచ్చినచోట గాజులా తేటగా వలయాలు. ఉత్తరేణి చుట్టూ ఉన్న వలయం అంగడి మందు వలయం కంటే పెద్దది. తుమ్మది కూడా దాదాపు అంతే. నీళ్ల గుంట చుట్టూ ఏమీ లేదు. అక్కడున్న విద్యార్థులు నాకు చేతులు కలిపారు. నేను కిందికి పరుగెత్తి దూద్‌పేడాలు కొనుక్కొచ్చాను. పైకి వచ్చేసరికి మేడమ్ పళ్లేన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని ఇంకా చూస్తున్నారు. పేడా ముట్టలేదు.

"ఇంత పెద్దదా?" అన్నారు. "ఇంత పని చేసేదైతే మీ బడిలో ఒక్క పిల్లోనికీ పన్ను పుచ్చకూడదు కదప్పా."

నాకు మండింది. గెలిచినా నమ్మరా, చదువుకున్నవాళ్లంతా ఒకటే అనుకున్నాను. అనుకోవడమేంటి, పైకే అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. ఆదివారం మీ ఊరికి వస్తాను, చెట్టు నుంచి డబ్బా దాకా నువ్వు ఎట్లా చేస్తావో మొత్తం చూపించు, అన్నారు.

వచ్చారు. బస్సు దిగి, కాలువ గట్టున నడిచి, ఉత్తరేణి పీకే చోటు, తుమ్మ చెక్క తీసే చోటు, కాంతం రోట్లో దంచే తీరు, అన్నీ చూశారు. మా పెరట్లో పెద్ద పట్టా పరిచి ఉంది. కాలువ కింద ఊళ్లలో ప్రతి ఇంటా ఉండేదే. ఖాళీ ఎరువుల సంచుల్ని విప్పి, దబ్బనంతో ఒకదానికొకటి కుట్టి చేసింది. వడ్లు, మిరపకాయలు, చింతపండు, వడియాలు, మా పళ్లపొడికి వేళ్లూ చెక్కా, అన్నీ దానిమీదే ఎండుతాయి. మేడమ్ వంగి దాని అంచును వేలితో రుద్దారు. వేలికి లేత నీలం అంటింది. దీనిమీద ఏమేం చేస్తారమ్మా అని కాంతాన్ని మెల్లగా అడిగారు. కాంతం గర్వంగా అన్నీ చెప్పుకొచ్చింది. వరికి ఎండాకు తెగులు తగిలినప్పుడు మందు పొట్లాలు విప్పి కలుపుకునేది కూడా దీనిమీదేనని, కింద పోస్తే మట్టి అవుతుందని, తర్వాత చీపురుతో శుభ్రంగా ఊడుస్తామని చెప్పింది. ఎండాకు తెగులును తెచ్చేది కూడా కంటికి కనిపించని క్రిమే. దానికి కొట్టే ఆ నీలం పొట్లంలో ఉండేది క్రిముల్ని చంపే మందే. అది మాకు తెలియక కాదు. పొలం మందు పొలానికి, పళ్లపొడి పళ్లకు, అని మా బుర్రల్లో రెండూ వేరే గదుల్లో ఉండేవి. మధ్యలో ఉన్నది ఒకటే పట్టా అని ఎవరికీ తట్టలేదు.

ఆవిడ గడ్డివాములోంచి గుప్పెడు వరిగడ్డి లాగి, సగం ఆ పట్టామీద పరచమన్నారు. మిగతా సగం తన సంచిలోంచి తీసిన తెల్లటి నూలుగుడ్డమీద పరిచారు. ఎండాక రెంటినీ విడివిడిగా దంచి కాలేజీకి తెమ్మన్నారు. గడ్డెందుకో నాకు అర్థం కాలేదు. దారిన పోయే మా పక్కింటి సూరిబాబు, "పళ్లపొడి అయిపోయి పశువుల దాణాలోకి దిగావా సత్యం బాబాయ్?" అని ఆటపట్టించి పోయాడు.

ఆ పరీక్ష ఫలితం చూసిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. నూలుగుడ్డమీద ఎండిన గడ్డి చుట్టూ ఏమీ లేదు. పట్టామీద ఎండిన గడ్డి చుట్టూ పెద్ద వలయం, తేటగా, దర్జాగా.

"చూడు సత్యప్పా, మీ వరిగడ్డి కూడా పళ్లు బాగుచేస్తాదంట," అన్నారు మేడమ్. నేను నవ్వలేకపోయాను. ఆవిడా ఆ తర్వాత నవ్వలేదు. "ఈ పొడి పిల్లోల్ల నోట్లోకి పోతాండాది. గెలుపు సంగతి మళ్లీ. ఇప్పుడే పోయి బడిలో ఉండే డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకో."

తెచ్చుకున్నాను. డబ్బాలు సంచిలో వేసుకుంటుంటే హెడ్మాస్టరు ఏమైందని అడిగి, చెప్పింది విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో, దగ్గో. ఆ రోజు ఇంటిదాకా నడుస్తూ నాకు అందరిమీదా కోపం వచ్చింది. మందులమ్మేవాళ్ల మీద, పళ్ల డాక్టరు మీద, ఎరువుల సంచి మీద, అన్నిటికంటే ఎక్కువ శరణమ్మ మేడమ్ మీద. ఆవిడ ఊరుకుని ఉంటే నేను గెలిచి ఉండేవాణ్ణి. ఆ మాట కాంతంతో అంటే, "ఆవిడ ఊరుకుని ఉంటే పిల్లలు ఆ మందు తోముకుంటూనే ఉండేవాళ్లు," అంది. 

కొత్తగా చెక్క తీశాం, కొత్తగా వేళ్లు పీకాం. కడిగి, కాంతం తన పాత నూలుచీరమీద నీడన ఆరబెట్టింది. మళ్లీ పళ్లెం, మళ్లీ జాడీ, మళ్లీ కొవ్వొత్తి. ఈసారి ఉత్తరేణి గుంట అంచుదాకా క్రిమి హాయిగా పెరిగి ఉంది. నేను ఒప్పుకోలేదు. మళ్లీ చెయ్యమన్నాను. ఆవిడ విసుక్కోకుండా చేశారు. అదే ఫలితం. ఇంకోసారన్నాను. ఇంకోసారీ అదే. ఉత్తరేణి మా అమ్మ మొక్క. చంకలో నన్నెత్తుకుని గట్టువెంట పీకిన మొక్క. మా అమ్మ అబద్ధం చెప్పిందా అని అడిగాను. 

"మీ యమ్మ రెండూ కలిపి రుద్దింది. అందులో యాది పనిచేసిందో ఆమెకెట్ల తెలుస్తాది? పళ్లు నిలిచినాయి, అంత చూసుకుంది. ఆమె తప్పేం ల్యా." పళ్లేన్ని నా ముందుకు జరిపి, "ఉత్తరేణి పనికిరాదని కూడా నేననను. నీళ్లలో నానబెట్టి, ఈ క్రిమి మీద వేస్తే, ఏమీ చెయ్యలేదు. అంతే నాకు తెలిసింది. ఇప్పుడు ఇటు చూడు."

తుమ్మ గుంట చుట్టూ వలయం ఉంది. మొదటిసారి వచ్చినదానిలో సగం కూడా లేదు. అంగడి మందు వలయం పక్కన అది చిన్నపిల్ల గాజులాగుంది. కానీ ఉంది. మళ్లీ చేసిన ప్రతిసారీ అక్కడే, అంతే ఉంది. "చిన్నదే. కానీ తుమ్మదే. దీన్ని ఎవరూ నీ దగ్గర్నుంచి పీక్కోలేరు," అన్నారు. ఆ రోజు దూద్‌పేడాలు ఆవిడే తెప్పించారు.

వార్షికోత్సవానికి ముందు మా ఇద్దరికీ పెద్ద తగవు అయింది. తుమ్మ పళ్లెం ఒక్కటే చూపిద్దామని నేను. గడ్డి పళ్లెం కూడా చూపించాలని ఆవిడ. ఊరంతా నవ్వుతారు, ఆ డాక్టరు ముందు నా తల తీసేసినట్టవుతుంది, అని మొత్తుకున్నాను. గడ్డి పళ్లెం లేకుంటే తుమ్మ పళ్లేన్ని ఎవరూ నమ్మనక్కర్లేదని ఆవిడ. చివరికి ఇలా అన్నారు. "నువ్వు చూపించొద్దులే, నేను చూపిస్తా. నీ పేరు ఎత్తను." అక్కడ నాకు రోషం వచ్చింది. నా పట్టా, నా గడ్డి, నా పెరడు. వాటిని చూపించడానికి బండ్రి నుంచి వచ్చిన మనిషి కావాలా?

షామియానా కింద క్యాంపు మొత్తం ఉంది. వేదికమీద పళ్ల డాక్టరు. మేడమ్ నన్ను పిలిచారు. నేను ముందు గడ్డి పళ్లేన్నే ఎత్తాను. ఇది మా పెరటి వరిగడ్డి, అన్నాను. ఇది పుచ్చు క్రిమిని చంపింది, ఎందుకు చంపిందో చెబుతాను, అన్నాను. సంచుల పట్టా సంగతి, తెగులు మందు సంగతి, అదే పట్టామీద మన ఇళ్లలో ఎండే వడియాల సంగతి, దాచకుండా చెప్పాను. మొదట నవ్వులు లేచాయి. "అయితే రేపట్నుంచి గడ్డి నమలమంటావా బాబాయ్?" అని సూరిబాబు వెనక నుంచి అన్నాడు. నమలరా, నీకు అలవాటే కదా, అన్నాను. ఆ నవ్వు అయిపోయాక ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రతి పెరట్లోనూ ఆ పట్టా ఉంది మరి. అప్పుడు తుమ్మ పళ్లెం ఎత్తాను. ఉత్తరేణి ఓడిపోయిందని చెప్పాను. మా అమ్మ మొక్క అని కూడా చెప్పాను. తుమ్మ నిలబడిందని చెప్పాను.

డాక్టరు వేదిక దిగి వచ్చాడు. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, పళ్లేన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. నీళ్ల గుంట ఏదని మేడమ్‌ని అడిగాడు. ఆవిడ వేలితో చూపించారు. అప్పుడు నా వైపు తిరిగి, "ఆ రోజు నేను అడిగింది ఇదే. ఇంత బాగా జవాబు వస్తుందని మాత్రం అనుకోలేదు," అన్నాడు. పళ్లెంలో పనిచేసింది నోట్లోనూ అంతే పనిచేస్తుందని చెప్పలేమని, బ్రష్షూ పేస్టూ మానకూడదని, వాటితోపాటు శుభ్రంగా చేసిన తుమ్మ పొడి పెట్టుకోవచ్చని మైకులో చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. నేను గడప తొక్కనన్న బడిలో పిల్లలు నన్ను చెయ్యి పట్టి కుళాయి దాకా లాక్కుపోయారు. ఆ వారంలో మా క్యాంపు ఆడవాళ్లు తినేవాటి కోసం నూలుగుడ్డలు వేరే కుట్టుకున్నారు. సంచుల పట్టాలు పొలం పనికే పోయాయి. ఒక చిన్న తేట వలయం ఇన్ని పెరళ్లు మార్చింది. దీనికంటే పెద్ద గెలుపు నా బతుకులో లేదు.

ఆ తర్వాత ఏళ్లపాటు ఆవిడ అడిగిన మొక్కల్లా తీసుకెళ్లాను. తంగేడు, కానుగ, మనం తిట్టుకునే సర్కారు తుమ్మ కూడా. దాన్ని ఇక్కడ బళ్లారి జాలి అంటారు. కొన్ని నిలబడ్డాయి, చాలా ఓడిపోయాయి. ఓడిపోయినప్పుడల్లా నేను పోట్లాడేవాణ్ణి. ఆవిడ మళ్లీ చేసి చూపించేవారు.

ఈ సీజన్లో ఒక కంపెనీ కుర్రాడు మా క్యాంపుకు వచ్చాడు. వరికి ఏదో బలం మందట, కొడితే పిలకలు రెట్టింపట. ఫోన్లో పచ్చగా నిగనిగలాడే మళ్ల బొమ్మలు చూపించాడు. నేను నోరు తెరిచేలోపే సూరిబాబు అందుకున్నాడు.

"ఇది బానే ఉంది. దీని పక్కన వట్టి నీళ్లు కొట్టిన మడి ఏదయ్యా?"

కుర్రాడికి అర్థం కాలేదు. ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఒక పెద్దావిడ కూడా అడిగింది. వాళ్లలో ఎవరూ గాజుపళ్లెం ముట్టినవాళ్లు కాదు. నేను చుట్ట వెలిగించుకుని వింటూ కూర్చున్నాను. చివరికి ఒక మడికి మందు, పక్క మడికి వట్టి నీళ్లు కొట్టి చూద్దామని ఒప్పందమైంది. ఆ రెండు మళ్లూ నావే. పొద్దున్నే గట్టుమీద నిలబడి చూస్తున్నాను. దారినపోయేవాళ్లు ఆగి, ఏది గెలుస్తుంది, నీకు తెలిసే ఉంటుంది కదా, అని అడుగుతున్నారు. ఒకప్పుడైతే కోతదాకా ఆగకుండా చెప్పేసి, కాదన్నవాడితో కొట్లాటకు దిగేవాణ్ణి. ఇప్పుడు తెలియదంటున్నాను. కోతకు రమ్మంటున్నాను.